ఎడమకాలి ఏడో పొర

ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే వలలు అల్లుతాను అనేవాణ్ణి. చేపలకా అనేవాళ్ళు. కాదు, కంప్యూటర్లో అంటే ‘ఓహో’ అని మాట మార్చేసేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఆ ఓహోలు విని విని నాకే విసుగు పుట్టింది. ఇప్పుడెవరడిగినా ‘ఆఫీసులో’ అని ఊరుకుంటున్నాను. కానీ నేను చేసిన వెధవపని మీకు అర్థం కావాలంటే ఆ పని కాస్త తెలియాలి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మాది కాళ్ళకి తొడుగులు చేసే కార్ఖానా. నడిచేటప్పుడు పాదం పైకి లేవక, వేళ్ళు నేలకి రాసుకుంటూ తూలిపోయేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి పిక్క వెనకనుంచి మడమని చుట్టి అరికాలి కిందికి వచ్చే గట్టి తొడుగు ఒకటి కావాలి. అది ప్రతి అడుగుకీ కాస్త వంగాలి, మళ్ళీ లేవాలి. వంగకపోతే మనిషి నడవలేడు, విరిగితే మనిషి పడతాడు. ఎంత వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ముందే లెక్క చూసే గది మేడమీద ఉంది. ఆ గదిలో నేనుంటాను.

కంప్యూటర్ ఆ తొడుగుని మొత్తంగా మింగలేదు. చంటిపిల్లలకి పండు కోసి పెట్టినట్టు ముక్కలు చేసి పెట్టాలి. ఆ ముక్కల అల్లికనే మెష్ అంటాం. మా తొడుగు మందం నాలుగు మిల్లీమీటర్లు, అందులో తొమ్మిది పొరలు. ముందు కాలిని ఆనుకుని ఉండే ఉపరితలాన్ని పల్చటి గుడ్డలా గీసి, దానిమీద వల పరుస్తాను. తరవాత ఆ గుడ్డని బయటివైపుకి నెట్టమని సాఫ్ట్‌వేర్‌కి చెబుతాను. ఎంత దూరం నెట్టాలో, దారిలో ఎక్కడెక్కడ ఆగి పొర వేయాలో రాసిస్తే, అది మడత దుప్పట్లు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి తొమ్మిది పొరలు పేర్చేస్తుంది. దీన్ని ఎక్స్‌ట్రూడ్ చేయడం అంటాం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదటి రెండేళ్ళు నాకూ ముచ్చటగానే ఉండేది.

నేను మేడమీద వేసిన పొరలని కింద హాల్లో చేత్తో వేసేది మా అక్క. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని అదే. తలకిందులుగా బిగించిన ప్లాస్టర్ కాలి మీద గాజుదారం గుడ్డ ఒక్కొక్కటే పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, చిన్న రోలరుతో బుడగలు లేకుండా నొక్కుతుంది. మా తమ్ముడికి కంప్యూటర్ వచ్చని పాత యజమాని చెవిలో ఒక ముక్క వేసి నాకు ఈ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే. అక్కది పుర్రచేతి వాటం. ఆవిడ కత్తెర వేరే ఎవరి చేతిలోనూ కోయదు, నాలాంటివాడు పట్టుకుంటే గుడ్డ నలుగుతుంది తప్ప తెగదు. ఆ వాటం వల్లే హాల్లో ఎడమవైపు బల్ల ఆవిడకిచ్చారు. బల్లతో పాటు ఎడమకాలి తొడుగులన్నీ ఆవిడ వంతయ్యాయి. కుడివైపు బల్ల నాలుగేళ్ళ క్రితం చేరిన ఇంకొకావిడది, ఇద్దరు పిల్లల తల్లి, చేతులు చకచకా ఆడతాయి. కుడికాళ్ళు ఆవిడవి.

మూడు నెలల కింద కొత్తరకం తొడుగు మొదలుపెట్టాం. కుడివి అరవై, ఎడమవి అరవై పంపాం. ఆరేడు వారాలు గడిచాక వెనక్కి రావడం మొదలైంది. మొదట ఒకటి, తరవాత మూడు, ఈ నెల మొదటివారానికి పదకొండు. అన్నీ మడమ వెనక వంపులో చీలినవే, అన్నీ ఎడమవే.

పదకొండోది తెచ్చినాయన ఉత్తరాలు పంచే ఉద్యోగి. పోస్టులో పంపకుండా తనే స్వయంగా తెచ్చాడు, ఒక చేత్తో గోడ పట్టుకుని. కౌంటరు దగ్గర ఆ సమయానికి నేనే ఉన్నాను. తొడుగుని కాగితంలో చుట్టి తెచ్చాడు. విప్పి చూపించి, “మెట్లు దిగుతుంటే టప్పుమందండీ. నేను పడలేదు, ఉత్తరాలే పడ్డాయి” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. “కుడికాలిది మా పేటలో ఇంకొకాయన వేసుకుంటున్నాడు, రాయిలా ఉంది. ఎడమదాన్ని చేసినవాళ్ళకి ఒంట్లో బాగాలేదేమో” అని తనే ఓ కారణం వెతికిపెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట మా మేనేజర్ కూడా విన్నాడు. ఆయన్ని మేం వెనకాల ‘తేల్చేద్దాం’ అంటాం. ఏ కాగితం ముందు పెట్టినా, ఏ గొడవ చెప్పినా తేల్చేద్దాం అంటాడు. తేల్చింది మేమెవరమూ చూడలేదు. కానీ ఈసారి తేల్చడానికి ఆయనకి ఎక్కువ కష్టం లేకపోయింది. కుడివి ఒక మనిషి చేసింది, ఒక్కటీ విరగలేదు. ఎడమవి ఇంకో మనిషి చేసింది, పదకొండు విరిగాయి. గుడ్డ ఒకటే, రెజిన్ ఒకటే, డిజైన్ ఒకటే. తేడా మనిషి దగ్గరే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఆయన నా గదికి వచ్చాడు. నాకు అప్పటికి ముప్ఫై ఏడు మెష్‌లు బాకీ ఉన్నాయి, తల ప్రాణం తోకకొస్తోంది.

“మీ లెక్కలో తప్పు లేదని ఒక పేజీ రాసివ్వండి. నాలుగు బొమ్మలు పెట్టండి. శుక్రవారం తేల్చేద్దాం” అన్నాడు.

“ఏం తేలుస్తారు సార్?”

“మీ అక్కగారిని ప్యాకింగ్‌కి మారుద్దాం. వయసు మీదపడుతోంది. రోలరు కింద బుడగలు మిగిలిపోతున్నట్టున్నాయి. మీకు ఇబ్బందని తెలుసు. అందుకే ముందుగా చెబుతున్నా.”

నేను ఏమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. సరే సార్ అన్నాను. అక్క చేతులు పాడయ్యాయంటే నమ్మేశానని కాదు, నమ్మలేదని కూడా కాదు. అలసిపోయిన మనిషి బుర్రలో నమ్మకానికీ అపనమ్మకానికీ చోటుండదు. ఇంకో పేజీ రాయాలి కాబోలు అనుకున్నాను, అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ బట్టలు మడతపెడుతూ అంది, “మీ అక్క రోజూ సూదిలో దారం ఎక్కించుకుని చూసుకుంటోంది. మీకు తెలుసా?”

అక్క మా పై వాటాలో ఒక్కతే ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగిన వాళ్ళకి తీరిక దొరకలేదని చెబుతుంది. పొద్దున టీకి మా ఇంటికి వస్తుంది, సాయంత్రం మేమో ఆవిడో మెట్లెక్కడమో దిగడమో ఉంటుంది.

“దేనికి?” అన్నాను.

“చేతులు వణుకుతున్నాయేమో అని. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, చూడమ్మాయ్, వణుకుతోందా అని అడుగుతుంది. లేదు వదినా అంటే నమ్మదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. అంతా బాగానే ఉందన్నాడట. దానికి ఇంకా దిగులుపడింది.”

“బాగుందంటే దిగులెందుకు?”

“కళ్ళు బాగుంటే ఇక చేతులే కదా మిగిలింది.” ఆవిడ నా చొక్కా మడిచి పక్కన పెట్టింది. “మీకు చెప్పొద్దంది. మీకసలే పని ఎక్కువట.”

నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. ఆలోచిస్తే, అక్క ఈ మధ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది. చూస్తూనే ఉన్నాను గానీ, చలికేమో అనుకున్నాను. చలికాలం వెళ్ళి రెండు నెలలైంది.

గురువారం పొద్దున తేల్చేద్దాం అడిగిన పేజీ మొదలుపెట్టాను. మాటలు రాయడం ఎంతసేపు, అరగంటలో అయింది. బొమ్మలు మిగిలాయి. రెండు బయటినుంచి కనిపించేవి పెట్టాను, కుడిదొకటి, ఎడమదొకటి. ఇంకో రెండు ఉంటే నిండుగా ఉంటుందని, మడమ దగ్గర అడ్డంగా కోసిన బొమ్మ తీద్దామనుకున్నాను. కోస్తే తొమ్మిది పొరలూ తొమ్మిది రంగుల్లో కనిపిస్తాయి. మేనేజర్లకి రంగులు నచ్చుతాయి. నిజం చెప్పాలంటే, ఎడమకాలి తొడుగుని నేను అడ్డంగా కోసి చూడటం అదే మొదటిసారి.

కుడిది కోశాను. చర్మంవైపునుంచి లెక్కపెడితే ఏడో పొర నలుపు. అది కార్బన్ పట్టీ. అడుగు వేసినప్పుడు మడమ వెనక వంపులో బయటివైపు సాగుతుంది. ఆ సాగుడుని పట్టి ఉంచేది ఆ పట్టీయే, అందుకే దాన్ని బయటికి దగ్గరగా పెట్టాం. ఎడమది కోశాను. నలుపు మూడో పొరలో ఉంది.

తెరమీద మరకేమో అనుకున్నట్టు వేలుతో తుడిచాను. అలసటలో మనిషి ఎంత తెలివితక్కువ పనైనా చేస్తాడు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు లెక్కపెట్టాను. బయటి గుడ్డా లోపలి గుడ్డా ఒకటే రకం కాబట్టి చివర్లు తేడా తెలియవు. మధ్యలో ఏడు పొరలూ తిరగబడి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఎడమదాన్ని నేను కొత్తగా గీయలేదని. కుడిదాన్ని అద్దంలో చూపించినట్టు తిప్పేశాను. అందరం అలాగే చేస్తాం. అయితే ప్రతి ఉపరితలానికీ ఒక బాణం ఉంటుంది, బయట ఎటో సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది అదే. అద్దంలో తిప్పితే బాణమూ తిరగబడుతుంది. ఆ రోజు నేను బయటికి నెట్టమంటే పొరలు లోపలికి, కాలి కండలోకి పోయాయి. బాణాన్ని సరిచేయడానికి మీట ఉంది. నొక్కితే అప్పటిదాకా పెట్టుకున్న గుర్తులన్నీ చెదిరిపోతాయి, మళ్ళీ పెట్టుకోవడానికి గంట పడుతుంది. నేను అడ్డదారి తొక్కాను. ఉపరితలాన్నే నాలుగు మిల్లీమీటర్లు బయటికి జరిపి, అక్కణ్ణుంచి లోపలికి నెట్టమన్నాను. బయటినుంచి లోపలికొచ్చినా లోపలినుంచి బయటికెళ్ళినా నిండే చోటు ఒకటే కదా అనుకున్నాను.

చోటు ఒకటే, వరస వేరు. మొదటి పొర తొమ్మిదోదయింది, ఏడోది మూడోదయింది. రూపం వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బలం లెక్క కుడిదానికే వేశాం, ఎడమది దాని నీడే కదా, మళ్ళీ వేయడం దండగ అనుకున్నాం. కింద బల్లమీదికి వెళ్ళే పొరల కాగితం మాత్రం సాఫ్ట్‌వేర్ తనంతట తను చర్మం వైపునుంచి లెక్కపెట్టి అచ్చువేస్తుంది. అది ఉన్నదున్నట్టు వేసింది. మా అక్క ఉన్నదున్నట్టు పరిచింది.

తప్పు తెలియడంతో అయిపోలేదు.  ఇంకొకటి గుర్తొచ్చింది.

మూడు నెలల కింద, ఆ కాగితం కిందికి వెళ్ళిన రోజే, అక్క మేడమీదికొచ్చింది. గాజుదారం నుసి బట్టలకి అంటుకుని ఉంటుందని హాలువాళ్ళని కంప్యూటర్ల గదిలోకి రానివ్వం. గుమ్మం అవతలే నిలబడింది. నేను తెరవైపు తిరిగి ఉన్నాను. అప్పుడూ ఏవో బాకీ పనులే.

“ఒరేయ్, కుడికాగితంలో కార్బన్ పట్టీ ఏడోది. నాదాంట్లో మూడోదొచ్చింది. అలాగేనా?”

“కాగితంలో ఎలా ఉంటే అలా వెయ్యక్కా.”

“ఓసారి చూస్తావా?”

“చూసే అచ్చేశాను.”

“సరే” అని దిగిపోయింది. నేను వెనక్కి తిరగలేదు. ఇరవై ఆరేళ్ళు పొరలు వేసిన మనిషి ఒక్క ప్రశ్న అడగడానికి ఇరవై నాలుగు మెట్లెక్కి వస్తే, నేను మెడ తిప్పలేదు. పైగా అబద్ధం చెప్పాను. చూడలేదు కదా నేను. చూశాననడం చూడటం కన్నా తేలికని అలా అనేశాను. ఆ తరవాత ఆ సంగతే మర్చిపోయాను.

రెండు బొమ్మలూ అచ్చువేసుకుని తేల్చేద్దాం గదికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. తెలివైనవాడే, బాణం గురించి రెండోసారి చెప్పించుకోలేదు. బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశాడు.

“సరిచేసిన కాగితం ఎప్పుడిస్తారు?”

“ఈ రోజే ఇస్తాను సార్.”

“మంచిది. మెరుగుపరిచిన డిజైన్ అని వేద్దాం. మెరుగుపరచడం తప్పు కాదుగా. పాతదాని సంగతి మళ్ళీ తవ్వడం ఎందుకు?”

“మరి మా అక్క?”

“మారుస్తామని ఆవిడకి నిన్న చెప్పాను. పొద్దున్నే సంతకం పెట్టి వెళ్ళారు. రేపటిదాకా ఎందుకండీ, నేనే వెళతాను ప్యాకింగ్‌కి అన్నారు. నేనేం ఒత్తిడి చేయలేదు.” సొరుగులోంచి ఆ కాగితం తీసి చూపించాడు. కింద అక్క సంతకం, ఎడమచేత్తో పెట్టింది కాబట్టి వెనక్కి వాలి ఉంటుంది. “కూర్చుని చేసే పని. ఆవిడకీ సుఖమే. మీకూ పేరు పాడవకుండా ఉంటుంది.”

ఆ మాటకి నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చిందని ఒప్పుకోవాలి. ఆయన చెడ్డవాడు కాదు, నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నేను నా గదికి వచ్చి కూర్చుని, కొత్త కాగితం పైన ‘మెరుగుపరిచినది’ అని టైపు చేశాను కూడా. ఆ మాటని చాలాసేపు చూశాను. అక్క ఎదురుగా మా ఆవిడని కూర్చోబెట్టి సూదిలో దారం ఎక్కించుకోవడం కళ్ళలో మెదిలింది. ఈ కాగితం ఇలా వెళితే ఆవిడ బతికినంతకాలం తన చేతుల్ని తనే అనుమానించుకుంటూ ఉంటుంది. ప్యాకింగ్ బల్ల దగ్గర తాడు ముడివేసినా అదే దిగులు. అది కూర్చుని చేసే పని అయితే మాత్రం ఏం సుఖం?

ఆ మాట చెరిపేశాను. ‘ఎడమకాలి తొడుగులో పొరల వరస తిరగబడింది. తప్పు మెష్‌లో జరిగింది. చేసింది నేను. కింద బల్లమీద ఏ తప్పూ జరగలేదు. బల్లమీద పనిచేసేవారు ఈ తేడాని మొదటిరోజే పట్టుకుని నన్ను అడిగారు, నేను చూడకుండానే చూశానని చెప్పాను’ అని రాశాను. కింద పేరు రాసి సంతకం పెట్టాను. రాయడం అయ్యాక ధైర్యమేమీ రాలేదు, ఒళ్ళు హూనమైనట్టనిపించింది.

తేల్చేద్దాం దాన్ని చదివి కళ్ళజోడు తీశాడు. “చివరి వాక్యం అక్కర్లేదేమో” అన్నాడు.

“అదే కావాలి సార్. బయట ఇంకా నలభై తొమ్మిది మంది ఎడమకాళ్ళతో నడుస్తున్నారు. వాళ్ళందరికీ ఫోన్ చేసి పిలవాలి.”

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తరవాత అక్క సంతకం పెట్టిన కాగితాన్ని మధ్యకి చింపి బుట్టలో వేశాడు. నేను పనిచేసిన ఇన్నేళ్ళలో ఆయన నిజంగా తేల్చింది అదొక్కటే చూశాను.

కింద హాల్లో రెజిన్ వాసన ముక్కులు పగలగొడుతోంది. అక్క తన బల్ల తుడుస్తోంది. ప్లాస్టర్ కాళ్ళు గోడవారన వరసగా పేర్చి ఉన్నాయి. రోలర్లు కడిగి గుడ్డమీద ఆరబెట్టింది. కత్తెరని పాత చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. కుడిబల్ల ఆవిడ నన్ను చూసి, ఏదో పని ఉన్నట్టు స్టోర్ గదిలోకి వెళ్ళింది.

“అక్కా, ఆ కత్తెర బయట పెట్టు” అన్నాను.

“ప్యాకింగ్‌లో వాళ్ళ కత్తెరలుంటాయి. ఇది ఇంటికి పట్టుకుపోతున్నా.”

“ప్యాకింగ్ లేదు, ఏం లేదు. తప్పు నాది.”

రెండు బొమ్మలూ బల్లమీద పెట్టాను. ఆవిడకి బాణాలూ అద్దాలూ చెప్పక్కర్లేకపోయింది. నలుపు గీత ఏడులో ఒకటి, మూడులో ఒకటి చూసి, గోరుతో రెండుసార్లు లెక్కపెట్టింది. నేను నీళ్ళు నములుతూ జరిగింది చెప్పాను. ఆ రోజు గుమ్మం దగ్గర చూశానన్నది అబద్ధమని కూడా చెప్పాను. 

“నీకు గుర్తుంది కదా, అడిగిన సంగతి?” అన్నాను. “మరి ఇన్నాళ్ళు ఎవరితోనూ ఎందుకు అనలేదు? నన్నైనా మళ్ళీ అడగాల్సింది కదా.”

అక్క బొమ్మమీదనుంచి తలెత్తలేదు. “నువ్వు చూశానన్నావు. నువ్వు చూశాక కాగితం తప్పెలా అవుతుంది? ఇక మిగిలింది నా చేతులే కదా.”

ఆవిడ ఎడమచేతి వేళ్ళు చాపి చూసుకుంది. 

ఆ తరవాత అడిగింది, “ఆ రోజు చూసి ఉంటే ఎంతసేపు పట్టేది?”

“ఒక నిమిషం.”

ఆవిడ తల ఊపింది. తిట్టలేదు. చేతిరుమాలు విప్పి కత్తెర తీసి, రోజూ పెట్టే మేకుకి తగిలించింది. నా చేతిలోని కొత్త పొరల కాగితం చూపించి, “ఒక్కోటీ చదువు” అంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా చదివాను. ఆవిడ ఒక్కొక్క గుడ్డ ముక్కా చేత్తో తడుముతూ విన్నది. ఏడో పొర దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. చదివాను. అప్పుడు ఆ కాగితాన్ని తీసుకుని తన గోడకి గుచ్చుకుంది.

తరవాతి మూడు వారాలూ ఫోన్లతో గడిచాయి. నలభై తొమ్మిది మందిలో ఇద్దరివి తప్ప అన్నీ వెనక్కొచ్చాయి, ఆ ఇద్దరూ ఊరు మారిపోయారట, ఇంకా వెతుకుతున్నాం. ఉత్తరాలాయన కొత్తది వేసుకుని హాల్లో ఈ చివరినుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచి చూపించాడు. ‘చేసినావిడకి నయమైందా’ అని అడిగాడు. అయిందన్నాను. నా మెష్‌లన్నీ ఇప్పుడు ఇంకొకరు కోసి చూశాకే కిందికి వెళుతున్నాయి. ఒక్కో మెష్‌కీ ఒక పూట ఎక్కువ పడుతోంది. బాకీ పనులు ముప్ఫై ఏడు నుంచి యాభైకి చేరాయి. అక్క మాత్రం ప్రతి కొత్త కాగితానికీ మేడెక్కి గుమ్మం దగ్గర నిలబడుతుంది. నేను కుర్చీ తిప్పి కూర్చునేదాకా నోరు తెరవదు.

అంతా సర్దుకుందనే అనుకున్నాను. నిన్న సాయంత్రం టీ తాగుతుంటే మా ఆవిడ అంది, “మీ అక్క ఇంకా సూది మానలేదు.”

“ఇంకా ఎందుకు? తప్పెవరిదో తేలిపోయిందిగా.”

“మీ కాగితంలో తేలింది. ఆవిడ చేతికి తెలియాలి కదా” అంది.

మెట్లెక్కి వెళ్ళాను. ఇంకా వెలుతురుంది. అక్క కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉంది, ఒళ్ళో దారపుండ. సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఎడమచేత్తో దారం అందించింది. ఒక్కసారికే ఎక్కింది. లాగేసి మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ ఒక్కసారికే. లాగేసింది. నన్ను చూసి కూడా ఆపలేదు. ఆరు వారాలపాటు ఆ మనిషి తన చేతుల్ని నమ్మడం ఎలా మానేసిందో, నమ్మకాన్ని మళ్ళీ అలాగే పొరలుపొరలుగా వేసుకుంటోందని అర్థమైంది. దాన్ని నెట్టి నిలబెట్టే సాఫ్ట్‌వేర్ ఏదీ నా దగ్గర లేదు.

పక్కన కింద కూర్చున్నాను. “ఆ రోజు వెనక్కి తిరగాల్సింది అక్కా” అన్నాను.

“తిరగాల్సింది” అంది.

అంతకన్నా ఏమీ అనలేదు. ఫరవాలేదులే అంటుందేమోనని ఎదురుచూశాను, సిగ్గులేకుండా. అనలేదు. ఇంకోసారి ఎక్కించి, లాగి, ఈసారి సూదీ దారం నా చేతిలో పెట్టింది.

“నువ్వు ఎక్కించు.”

కిటికీ వైపు పట్టుకున్నాను. దారం పక్కనుంచి పోయింది. నోట్లో పెట్టి తడిచేసి మళ్ళీ ప్రయత్నించాను. కొస రెండుగా చీలింది. మూడోసారి సూది కింద పడింది, నేలమీద చేత్తో తడిమి తీశాను. నాలుగోసారి నా వేళ్ళు వణుకుతున్నాయని నాకే తెలిసింది. అక్క ముందుకి వంగి, నా మణికట్టు పట్టుకుని, ఆ వేళ్ళనే చూస్తోంది. ఆవిడ చేయి రాయిలా నిలకడగా ఉంది. ఆ సంగతి తనూ గమనించినట్టుంది. తన చేతిని, నా చేతిని మార్చి మార్చి చూసింది.

“పాడైంది నీ చేతులురా” అంది. చాలా రోజుల తరవాత నవ్వింది, కొంచెమే.

సూది నా దగ్గర్నుంచి తీసుకుని, దారం ఎక్కించి, ఈసారి లాగేయలేదు. ముడివేసి, నా చొక్కాకి ఊడి వేలాడుతున్న బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది.